సూరత్ బాజాకు ఎందరు తండ్రులు

"అది అసలుదే."

"అసలుదో నకిలిదో, ముందుగాల కండ్లు మూసుకొని పండుకో."

మా ఆయన రాజేశం, నేను మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. ఆయన కళ్ళు మూసుకున్నాడు, తెల్లవారి తెరవలేదు. పెళ్ళయినప్పటి నుంచి నా మాట ఒక్కటి కూడా వినని మనిషి ఆ ఒక్కసారే విన్నాడు.

గొడవ ఒక గ్రామఫోను మీద. పువ్వులా విచ్చుకున్న ఇత్తడి బాకా, కింద చెక్కపెట్టె, పక్కన తిప్పే చేయి ఉంటుంది చూడండి, అది. మా ఆయన సూరత్ మరమగ్గాల దగ్గర జాబర్‌గా పనిచేసేవాడు. మగ్గం మొరాయిస్తే బాగుచేసే మేస్త్రీ అన్నమాట. ఆ రోజుల్లో అక్కడి పాత సామాన్ల బజారులో దీన్ని కొన్నాడు. తెల్లదొరల కాలం నాటిదని అమ్మినవాడు చెప్పాడట, ఈయన నమ్మాడట. నేను నమ్మలేదు. అది నా గడప తొక్కకూడదన్నాను. అందుకని అక్కడే మా మరిది గంగాధర్ గదిలో ఉండిపోయింది. సూరత్ వెళ్ళిన మగవాళ్ళంతా ఇంటికి చీరలు తెస్తే, మా ఆయన తేని బాజా గురించి కబుర్లు తెచ్చేవాడు. సిరిసిల్లలో మా గల్లీ ఆయనకు 'బాజా రాజేశం' అని పేరు పెట్టింది. బజారువాడు బోల్తా కొట్టించాడని చెప్పుకొని నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆయన పోయాక గంగాధర్ ఫోను చేశాడు. అక్కడ టిఫిన్ హోటలు పెట్టిన మన తెలుగాయన ఒకడు ఆ బాజాను అద్దాల పెట్టెలో పెట్టుకుంటానంటున్నాడట. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాను. నాకు తేలాల్సింది ఒకటే. మా ఆయన మోసపోయాడా, లేదా?

సూరత్ చూడని వాళ్ళ కోసం ఇదంతా చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనుమరాలు శ్రావ్య రాస్తోంది. భాష బాగుంటే దాని చదువు, తిట్లుంటే నా నోరు.

జల్‌గావ్ అరటిపళ్ళు

రామగుండంలో రైలెక్కాను. ఎదుటి సీటులో అకోలాలో దిగవలసిన వ్యాపారి ఒకడు, పాత ఇత్తడి, రాగి కొనేవాడు. ఎక్కడికని అడిగాడు. మా ఆయన బాజా అసలుదో కాదో తేల్చడానికని చెప్పాను. అంత దూరం దేనికమ్మా, తూకం వేస్తే చాలు, బరువుంటే అసలు, తేలికైతే నకిలీ అన్నాడు. ఆ లెక్కన ఈ డబ్బాలో నాకంటే అసలు మనిషి లేదని నేను హిందీలో అన్నాను. పక్కనున్న అతని భార్య నవ్వి నవ్వి మంచినీళ్ళు మీద పోసుకుంది. దిగేటప్పుడు నా మామిడికాయ తొక్కు కొంచెం కాగితంలో కట్టించుకొని మరీ దిగింది.

జల్‌గావ్‌లో అరటిపళ్ళు మన దగ్గరకంటే చవక, డజను ముప్పై రూపాయలకే ఇచ్చారు. కాయ చేయంత పొడుగు. మురిసిపోయి సీటు కింద పెట్టుకున్నాను. పై బెర్తు నుంచి దిగిన పెద్దమనిషి సరిగ్గా వాటి మీదే కాలు పెట్టాడు. క్షమించమని ఇంగ్లీషులో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాల్సింది చెప్పాను. ఇద్దరికీ అర్థం కాలేదు కాబట్టి నందుర్‌బార్ దాటేదాకా స్నేహంగానే ఉన్నాం.

ఉన్‌లో వెల్లుల్లి

గంగాధర్ వాళ్ళుండేది ఉన్ అనే చోట, మిల్లు పనివాళ్ళ గదులు వరసగా ఉంటాయి. మగ్గాల చప్పుడు అచ్చం మన సిరిసిల్ల చప్పుడే. కళ్ళు మూసుకుంటే ఊరు మారినట్టే అనిపించదు. కాని ముక్కు మూసుకోలేం కదా, అద్దకం మిల్లుల వాసన మారిందని చెప్పేస్తుంది. మన దగ్గర ఆడవాళ్ళు ఇంటి ముందు బీడీలు చుడతారు, అక్కడ చీరల మీద మెరిసే రాళ్ళు అంటిస్తారు. గంగాధర్ భార్య పద్మ చేసేదీ అదే పని. ఆమె చేయి పట్టుకుంటే నా చేతికీ నాలుగు రాళ్ళు అంటుకున్నాయి. పప్పులో బెల్లం వేయడం ఆమెకు అలవాటైపోయింది. నేను తెచ్చుకున్న కారప్పొడి డబ్బా తీసి పళ్ళెం పక్కన పెట్టుకుంటే చూసీ చూడనట్టు ఊరుకుంది.

బాజా ఎక్కడని అడిగాను. మూలకు చూపించింది. పెట్టె మీద ఇస్త్రీ బట్టలు, సూది పట్టుకునే చేతికి తాళాల గుత్తి. బాకా నిండా వెల్లుల్లి.

"ఏందే పద్మా, గిదేం పని?"

"ఎల్లిగడ్డలకు గాలి ఆడ్తది అక్కా, మొలకలు రావు. ఇన్నేండ్లకు జర పనికొచ్చింది."

నాకు కోపం రావలసింది. నవ్వు వచ్చింది. ఆయన ఉంటే ఈ మాట చెప్పి నెల రోజులు ఏడిపించేదాన్ని.

సూరత్‌లోనే నాన్‌పురా అనే పేటలో ఖుర్షీద్ బాయి అని ఒక పార్సీ ఆవిడ ఉందని, ఆమె తండ్రికి ఒకప్పుడు గ్రామఫోన్ల దుకాణం ఉండేదని, ఏ యంత్రం ఏ కాలానిదో తట్టి చెబుతుందని పద్మ చెప్పింది. పద్మ కొన్నాళ్ళు ఆ ఇంట్లో వంట చేసిందట. ఆవిడ దగ్గరకే పోదామన్నాను. అక్కడే నాకూ గంగాధర్‌కూ పందెం పడింది.

"అసలుదైతే ఏం చేస్తవ్ వదినె?"

"మోసుకపోత."

"నకిలిదైతే?"

"నీ హోటలాయనకు ఇచ్చెయ్. అద్దాల పెట్టెల పెట్టుకుంటడో, సాంబారు పోసుకుంటడో ఆయన ఇష్టం."

గంగాధర్‌కు అది నకిలీది కావాలి, హోటలాయనకు మాట ఇచ్చేశాడు. నాకూ నకిలీదే కావాలి, వాదన గెలవాలి. అసలుది కావాలన్నవాడు ఒక్కడే, ఆయన లేడు. అయినా ఆ పూట కూర్చొని బాకాలోని వెల్లుల్లి తీసింది నేనే.

ఆటోలో బాకా

మగ్గాలకు సెలవు రోజు చూసి ముగ్గురం బయలుదేరాం. పెట్టె గంగాధర్ ఒడిలో, బాకా నా ఒడిలో. బాకా మూతి ఆటో బయటికి వచ్చింది. సిగ్నలు దగ్గర స్కూటరు మీది కుర్రవాళ్ళు పెళ్ళి ఎవరిదని అడిగారు. నాదే అన్నాను. పద్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంతలో వాన. బాకా ఆకాశం వైపు నోరు తెరుచుకొని ఉన్న సంగతి ఎవరికీ తట్టలేదు. డ్రైవరు బ్రేకు వేశాడు. నా ఒడిలోని చెరువు అతని వీపు మీదికి దూకింది, అడుగున మిగిలిన రెండు వెల్లుల్లి రెబ్బలతో సహా. అతను గుజరాతీలో చాలాసేపు మాట్లాడాడు. ఏమన్నాడని అడిగితే, వాన మంచిదే అన్నాడని పద్మ చెప్పింది.

వాన వెలిసేదాకా ఒక బండి దగ్గర ఆగి లోచో తిన్నాం. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, ముద్దగా తీసి, నూనె, ఉల్లిపాయ, సేవు అనే సన్న కారప్పూస వేసి ఇస్తారు, ప్లేటు నలభై. ఇడ్లీ గట్టిపడక ముందే తొందరపడి దించేశారేమో అనుకున్నాను. తింటే బాగుంది, అబద్ధమెందుకు. నా కారప్పొడి చల్లుకోవడం చూసి బండి ఆయన కొంచెం అడిగాడు. నాలుక మీద వేసుకున్నాక మళ్ళీ మా వైపు చూడలేదు. డబ్బులు కూడా అటు తిరిగే తీసుకున్నాడు.

చేపల ముగ్గు

ఖుర్షీద్ బాయి ఇంటి గడప ముందు తెల్ల ముగ్గు, అందులో చేపలు. మనం వేళ్ళతో గీసేది వాళ్ళు రంధ్రాలు పొడిచిన రేకు డబ్బాలో పిండి పోసి ఒక్క దరువు వేసి దించేస్తారు. నడుము వంగకుండా ముగ్గు. మనకు ఈ తెలివి ఎందుకు రాలేదో.

ఆవిడ పొడుగాటి గౌను వేసుకుంది. వయసు నాకంటే పెద్దది, నోరు అంతకంటే పెద్దది. పద్మను చూడగానే ముద్దుగా ఒక బూతు మాట అని లోపలికి రమ్మంది. పుదీనా, నిమ్మగడ్డి వేసిన టీ, నాన్‌ఖటాయి బిస్కట్లు పెట్టింది. నన్ను చూసి హిందీలో అడిగింది.

"నీ మొగుడు పోయాడా?"

"పోయిండు."

"నావాడూ పోయాడు. బాగా వాదించేవాడా?"

"చివరిదాంక."

"నావాడూ అంతే," అని టీ ఊదుకుంది.

ఇక చూడటం మొదలుపెట్టింది. మీ ఇళ్ళలో ఇలాంటిది ఉంటే మీరూ చూసుకోండి, అందుకే చెబుతున్నాను. ముందు బాకా వైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి మరమేకుల తలలు చూసింది. పాతకాలపు మరమేకుకు తల మీద ఒకటే గీత ఉంటుందట. బాకా మెడను పెట్టెకు బిగించిన మరమేకులకు కూడిక గుర్తులా అడ్డగీత, నిలువుగీత ఉన్నాయి. దొరలు ఓడ ఎక్కి వెళ్ళిపోయాక పుట్టిన తలకాయలివి అంది. తర్వాత బాకాలోకి మోచేతి దాకా చేయి పెట్టింది, అద్దం పెట్టి ఇంకా లోపలికి చూసింది. బయట మెరిస్తే తోమారనుకోవచ్చు, చేయి దూరని చోట కూడా మెరుస్తోంది. అంత లోపల నూరేళ్ళ పాటు ఎవరు తోమారని నన్నే అడిగింది. నేనేం చెబుతాను, వెల్లుల్లి తోమిందని చెప్పనా?

పెట్టెను బోర్లించి వాసన చూసింది. కొత్త చెక్కకు టీ నీళ్ళు రుద్ది ముసలితనం తెప్పించారట. లోపలి మూలల్లో రుద్దడం మరిచిపోయారు, అక్కడ చెక్క పసిపిల్లలా తెల్లగా ఉంది. మూత తీస్తే లోపల తిరిగే యంత్రం. అది ఈ బాకా రకానిదే కాదట. బాకాల కాలం అయిపోయాక, సూట్‌కేసులా మూసి చేత్తో పట్టుకెళ్ళే గ్రామఫోన్లు వచ్చాయట. యంత్రం అలాంటి దానిలోంచి పీకింది. అంటే పాతదే కాని, వేసిన వేషమంత పాతది కాదు.

"ఇది అయిదుగురు తండ్రుల బిడ్డ," అంది ఖుర్షీద్ బాయి.

"చానామంది కలిసి చేసిన్రంట అక్కా," అని పద్మ తెలుగు చేసింది. నాకు అంత హిందీ రాదనుకుంది పాపం.

గంగాధర్ అప్పుడే హోటలాయనకు చెప్పడానికి ఫోను తీశాడు. నేను గెలిచాను. నాన్‌ఖటాయి నోట్లో మట్టిలా ఉంది.

ఆవిడ ఇంకా వదల్లేదు. సూది పట్టుకునే చోట ఒక గుండ్రటి బిళ్ళ డబ్బా ఉంటుంది, పాట అందులోంచే పుడుతుంది. దాన్ని విప్పి కిటికీ వెలుగుకు పట్టింది.   తర్వాత నా చేతిలో పెట్టింది. లోపల పలచటి రేకు, పొరలు పొరలుగా మెరుస్తోంది. కాకిబంగారం, అదే అభ్రకం. చిన్నప్పుడు గుట్టల మీద ఏరుకునేవాళ్ళం. తర్వాతి కాలంలో అక్కడ వెండిలాంటి అల్యూమినియం రేకు వేశారట. కాకిబంగారం ఉంటే అది ముందు కాలానిది. ఈ బిళ్ళ తన తండ్రి కంటే పెద్దదని, అమ్మిన దొంగకు ఈ సంగతి తెలిసి ఉండదని, తెలిస్తే ఈ పెట్టెకు తగిలించేవాడే కాదని చెప్పింది.

రేకు అంచు చుట్టూ రబ్బరు కొత్తగా ఉంది. సైకిలు వాల్వ్ ట్యూబు. ఎవరు వేశారని అడిగింది. అన్నయ్యే వేశాడని గంగాధర్ చెప్పాడు. తనూ అదే వేస్తానని, దానికి మించింది దొరకదని ఆవిడ అంది.

ఇక మొదలైంది మా రభస. అరచేతిలో పట్టేంత ముక్క తప్ప అంతా నకిలీయే కదా అని గంగాధర్. పాట పుట్టేది ఆ ముక్కలోనే కదా అని నేను. ఇన్నేళ్ళుగా నేను మా ఆయనతో వాదించినదానికి ఎదురు వాదిస్తున్నానని సగంలో నాకే తెలిసింది. అయినా ఆపలేదు.

పళ్ళెం మీది గుడ్డ

పాడించి చూద్దాం, మీరు నోళ్ళు మూయండి అని ఖుర్షీద్ బాయి నూనె చుక్క వేయడానికి రికార్డు తిరిగే పళ్ళాన్ని పైకి తీసింది. పళ్ళెం మీద ఆకుపచ్చ మక్మల్ గుడ్డ అంటించి ఉంది. ఇది కంపెనీవాళ్ళది కాదు, తర్వాత ఎవరో వేశారు, దీని కాలం మాత్రం నేను చెప్పలేను అంది.

నేను చెప్పగలను. పళ్ళెం అంచు కిందికి మడిచిన చోట పసుపుపచ్చ దారంతో కుట్టు ఉంది. ఆకుపచ్చ దారం అయిపోతే పసుపుది ఎక్కించి నా చేత్తో నేను కుట్టిన కుట్టు. మా తమ్ముడి పెళ్ళికి కుట్టుకున్న మక్మల్ రవికె వీపు భాగం అది. మా చిన్నోడు పాకుతున్న ఏడాది.

ఈ రవికె గురించి ఇంతవరకు చెప్పలేదు. ఒక్కసారే తొడుక్కున్నాను, బట్టల పెట్టెలోంచి మాయమైంది. ఆ రోజుల్లో పద్మ మా ఇంటికి వచ్చి వెళ్ళింది. పద్మే తీసిందని నేను చుట్టాలందరికీ చెప్పాను, పెళ్ళిళ్ళలో కూడా చెప్పాను.

పద్మ వంగి ఆ కుట్టు చూసింది. నిదానంగా లేచింది.

"గిప్పుడు చెప్పక్కా. దొంగ ఎవరు?"

"దొంగ సచ్చిపోయిండు, పోనియ్."

"బావ పోయిండు. నేనున్న గదా. నాకొక మక్మల్ రైక కుట్టియ్యాలె, గీ రంగుదే."

సరేనన్నాను. కొలతలు అక్కడే ఇచ్చింది. అప్పటికంటే రెండింతలైంది, గుడ్డ ఎక్కువ పడుతుంది.

అప్పుడు గంగాధర్ నేల చూస్తూ చెప్పాడు. "అన్న తలుపు మూసుకొని కోసిండు వదినె. గీ గుడ్డ యాడిదని అడిగిన. ఇంటికెల్లి తెచ్చుకున్న, గిసోంటిది బజార్ల దొరకదు అన్నడు."

ఏం జరుగుతోందని ఖుర్షీద్ బాయి అడిగితే పద్మ అంతా చెప్పింది. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు. ఆవిడ ఆ గుడ్డను వేలితో ఒకసారి నిమిరి నావైపు చూసింది.

"నా మొగుడు నా పట్టుచీర చించి కారు తుడిచాడు. నీవాడు నయం."

పళ్ళెం పెట్టి, చేయి తిప్పి, రికార్డు వేసింది. మొదట దున్నపోతు మూలిగినట్టు వచ్చింది, తర్వాత మెల్లగా ఆడగొంతు అయింది. పాతకాలపు గుజరాతీ నాటకం పాటట. ఖుర్షీద్ బాయి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది, పద్మ ముఖం ఎర్రబడింది. అర్థం చెప్పమంటే ఇద్దరూ చెప్పలేదు. నాకు ఒక్క మాట తెలిసింది, అది చాలు. పాట అయ్యేదాకా నేను పళ్ళాన్నే చూశాను. నా రవికె గిరగిరా తిరుగుతోంది.

"గంగాధర్, రైక నాది. నా రైకకు అంటిన సామాను గూడ నాదే. పందెం లేదు, గిందెం లేదు."

 హోటలాయనకు కావలసింది మెరుపే కదా, గంగాధర్ మెరిసే బాకా ఒక్కటీ విప్పి పట్టుకుపోయాడు. బాకా లేక బాజా మూగదైతే ఎలా అని నేను అడిగేలోపే ఖుర్షీద్ బాయి అటక మీది నుంచి తండ్రి దుకాణం నాటి నల్లటి ఇనుప బాకా దింపించింది. అంచంతా తుప్పు. మెడ దగ్గర సైకిలు ట్యూబు చుట్టి బిగించింది. ఆరో తండ్రి అని పేరు కూడా పెట్టింది. బదులుగా నా కారప్పొడి డబ్బా ఉంచేసుకుంది. తిని బతికి ఉందని పద్మ ఫోనులో చెప్పింది.

సిరిసిల్లలో పాట

తిరుగు రైల్లో బాజాకు కిటికీ సీటిచ్చాను. ఇంటికి చేరగానే గల్లీ అంతా మా వాకిట్లో దిగింది. 'బాజా రాజేశం' అని పేరు పెట్టింది ఎదురింటి లక్ష్మీరాజం. ఆయనే ముందు వచ్చాడు, నవ్వు ముఖాన సిద్ధంగా పెట్టుకొని.

"అసలుదేనా వదినె?"

ఏ ముక్క గురించి అడుగుతున్నావన్నాను. పెట్టెకు మిగిలిన మరమేకుల తలలు చూపించాను, పెట్టె వాసన చూడమన్నాను, యంత్రం సూట్‌కేసుదని చెప్పాను, బిళ్ళలోని కాకిబంగారం వెలుగుకు పట్టి చూపించాను. ఆయన నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కింద కూర్చున్నాడు. చేయి తిప్పి పాట పెట్టాను. గల్లీ అంతా నోరు మూసుకొని విన్నది. భాష తెలియదు కాబట్టి భక్తి పాట అనుకొని ఒకామె దండం కూడా పెట్టింది. నేను ఆపలేదు.

పాట అయ్యాక లక్ష్మీరాజం పళ్ళెం మీది పచ్చ గుడ్డ తాకబోయాడు. చేతి మీద కొట్టాను. అదేమిటో ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు ఇది చదివితే తెలుస్తుంది, తెలియనీ.

శ్రావ్యా, మీ తాత మోసపోయిండని రాసినవా, దొంగ అని రాసినవా? మోసపోయిండని యాడన్న ఉంటే కొట్టెయ్యి. దొంగ అన్నది ఉండనియ్యి. ఏదీ, మొదటికెల్లి జర గట్టిగ సదువు, నేను ఇంట.